తెర ఒకటి, తెర మనిషి ఒకటి

ఒక మనిషి బాగా పని చేస్తున్నాడా లేదా అన్నది చేయించుకునేవాడికి తెలియదు, చేసేవాడికి అసలే తెలియదు, మార్కుల పట్టికకు మాత్రమే తెలుస్తుంది. నాగరికత ఇంతవరకు కనిపెట్టిన సత్యాల్లో ఇది ఆఖరిది, కాబట్టి అన్నిటికన్నా గొప్పది. మొయినాబాద్ మండలంలో ఊరూరికీ కరెంటు చేరడానికి ఏళ్లు పట్టింది. నల్లా నీళ్లు ఇంకా దారిలోనే ఉన్నాయి. పట్టిక మాత్రం మాదాపూర్‌లో బయలుదేరి, గండిపేట చెరువు పక్కనుంచి వచ్చి, రెండు వేల ఆరో సంవత్సరం ఆగస్టులో ఒక శనివారం పొద్దున పదకొండింటికి సురంగల్ చేరుకుంది. దారిలో చాయ్‌కి కూడా ఆగలేదు.

దాన్ని మోసుకొచ్చింది బైట్‌వృక్ష టెక్నాలజీస్ అనే కంపెనీ. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేరు కంపెనీ పెట్టిన ప్రతివారికీ తమకు మూలాలు లేవన్న దిగులు ఉండేది (ఎనిమిదో అంతస్తులో ఏసీ కింద మూలాలు సరిగా పట్టవు). అందుకని ఆ కంపెనీ చేవెళ్ల రోడ్డు మీదున్న 'పల్లె పరవశం' అనే రిసార్టుతో ఒప్పందం చేసుకుని, నెలకు రెండు శనివారాలను 'మూలాల దినం'గా ప్రకటించింది. ఉద్యోగులు బస్సుల్లో వచ్చి, తలకు తువాల చుట్టుకుని, ఎడ్లబండి ఎక్కి దిగి, జొన్నరొట్టె తిని, సాయంత్రం నాలుగింటికి ముప్పావు గంట సేపు బాగోతం చూసి, మూలాలు అందినట్టు సంతకం పెట్టి వెళ్లేవారు. సంతకం పెట్టనివాళ్లను బస్సు ఎక్కనిచ్చేవారు కాదు.

ఆ బాగోతం ఆడేది సురంగల్ మేళం. మొత్తం తొమ్మిది మంది. మేళం పెద్ద బిక్షం హార్మోనియం వాయిస్తాడు, పాట ఎత్తుకుంటాడు, తిట్టవలసినవాళ్లను తిడతాడు. ధనరాజ్‌ది రాజు వేషం, రామన్నది రాక్షసుడి వేషం. ఊళ్లల్లో తెల్లవార్లూ ఆడే 'ధవళకేతు మహారాజు ఆట'ను ముప్పావు గంటకు కుదించడానికి బిక్షానికి పదిహేను రోజులూ రెండు జ్వరాలూ పట్టాయి. (రాణి కష్టాలన్నీ తీసేశారు. ఆమె ఇప్పుడు మొదటినుంచి చివరిదాకా సుఖంగానే ఉంటుంది.)

ఇక యోసేపు. యోసేపు తెర పడతాడు.

బాగోతంలో ఏ వేషమూ ఊరికే నడుచుకుంటూ రాదు. ముందు ఒక రంగుల గుడ్డను ఇద్దరు చెరో కొసా పట్టుకుని నిలబడతారు. దాని వెనక వేషం తన ప్రవేశపు పాట పాడుతుంది, కింద గజ్జెలు కట్టిన కాళ్లు మాత్రం కనిపిస్తాయి. జనం మెడలు చాస్తారు. అప్పుడు తెర దిగుతుంది. రెండో కొస ఆ పూట ఖాళీగా ఉన్నవాడెవడైనా పట్టుకుంటాడు. మొదటి కొస మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా యోసేపుదే. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే యోసేపు, మిగతా ఆరు రోజులూ ఎక్కడ నిలబడమన్నా తెర వెనకే నిలబడతాడు.

అయితే తెర పట్టడం ఆయన పనిలో సగమే. మిగతా సగం మాట అందించడం. ధనరాజ్‌కు రాజు నడక వచ్చు, రాజు చూపు వచ్చు, రాజు కోపం బ్రహ్మాండంగా వచ్చు. మాటలే రావు. రాజు ఏం పలకాలో యోసేపు ఒక్క క్షణం ముందు తెర వెనకనుంచి అందిస్తాడు. తెర దించాక దాన్ని భుజాన వేసుకుని, హార్మోనియం పక్కన చేరి అక్కణ్నుంచి అందిస్తాడు. పెదవులు కదలవు. రాజుకు తప్ప ఇంకెవరికీ వినపడదు. ఈ సంగతి మేళం బయట చెప్పకూడదన్నది మేళం పద్ధతి. ఆట మొదట్లో అందరి పేర్లూ చెప్పే పాటలో తెర పట్టేవాడి పేరు ఉండదన్నది కూడా పద్ధతే. ఈ రెండు పద్ధతుల్లోనూ యోసేపుకు ఎన్నడూ అన్యాయం కనిపించలేదు. ఆయనకు ఆ తెర వెనక రెండడుగుల జాగా చాలు. దాన్ని ఎవరైనా తీసుకుంటారన్న ఆలోచన కూడా ఆయనకు ఎప్పుడూ రాలేదు.

బైట్‌వృక్షవారి నియమావళి పద్నాలుగు (బి) ప్రకారం ఆరు నెలల్లో పదిసార్లకు మించి సేవలందించిన ప్రతి ప్రాణీ మదింపుకు అర్హమే. ఆ అర్హత కల్పించడానికి వచ్చిన అధికారిణి పేరు అరుణశ్రీ. హోదా: మానవ వనరుల ఉప సహ అధిపతి (మూలాలు). వయసు ఇరవై ఆరు. సొంతూరు చేవెళ్ల, కానీ ఆఫీసులో ఆ సంగతి చెప్పదు. ఆమె అప్పటికే రిసార్టులో వంటవాళ్లనూ తోటమాలినీ రెండు ఎడ్లనూ మదింపు చేసి ఉంది. ఎంతమంది ఉన్నా ఒకరు కింద ఉండి తీరాలి కాబట్టి, రెండు ఎడ్లలో కుడి ఎద్దు కింద వచ్చింది. దాన్ని సంతకు పంపేశారు. తర్వాత ఎడమ ఎద్దు ఒక్కటే బండి లాగలేకపోవడంతో దానికి 'చొరవ లేదు' అని రాశారు.

"అన్నా, ఇది గంట బొమ్మ," అంటూ ఆమె కాగితం మీద గీసి బిక్షానికి చూపించింది. "నడుమ అందరుంటరు. ఈ కొసకు ఒక్కరు మస్తు మంచిగ చేసినోళ్లు. ఆ కొసకు ఒక్కరు చెయ్యనోళ్లు."

బిక్షం బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అందరు మంచిగ చేస్తే?"

"గట్ల కాదన్నా. గంట గట్ల ఉండదు."

"మా వాద్యాలల్ల గంట లేదు గద మేడం," అన్నాడు బిక్షం. ఆ అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నారు, పరిగణనలోకి తీసుకోలేదు.

పత్రంలో ఇరవై రెండు ప్రశ్నలు ఉన్నాయి. మేళంలో గబగబా చదివి రాయగలిగినవాడు యోసేపు ఒక్కడే, అందుకని బిక్షం ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తొమ్మిది పత్రాలూ ఆయనే నింపాడు. వాళ్ల దగ్గర మాటలు లేనప్పుడు తాను అందించడం ఆయనకు కొత్తేం కాదు.

"'గత ఆరు నెలల్ల మీరు సాధించిన విజయాలు' అంటున్నరు రామన్నా."

"రాక్షసునికి విజయం ఏడికెళ్లి వస్తదన్న? ప్రతి ఆటల సస్తనే ఉంటి."

యోసేపు రాశాడు: 'పదకొండు ఆటలలో పదకొండుసార్లు, నిర్ణయించిన సమయమునకు, ఎవరికీ దెబ్బ తగలకుండా మరణించినాడు.'

"బిక్షమన్నా, ఐదేండ్ల తర్వాత నువ్వు ఏడుంటవంట?"

"బొందల."

'ప్రశాంతమైన చోట' అని రాశాడు యోసేపు.

ధనరాజ్ పత్రంలో 'మీ బలహీనత ఒకటి తెలుపండి' అన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ ఆగారు. ధనరాజ్ యోసేపు వైపు చూశాడు. యోసేపు కాగితం వైపు చూసి, 'చెమట ఎక్కువ' అని రాశాడు. బలాల దగ్గర, 'సంభాషణలు తడబడకుండా పలుకును' అని రాశాడు. అది అబద్ధం కాదు, తడబడడం యోసేపు ఎన్నడూ జరగనివ్వలేదు.

తన పత్రానికి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. తొమ్మిదో ప్రశ్న: మీ పని పదిమందికీ ఎంతవరకు కనపడింది? యోసేపు కలం పట్టుకుని కాస్త సిగ్గుపడ్డాడు. తన గురించి తాను గొప్పలు చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు. అయినా అడిగారు కదా అని, 'ఏ ఒక్కరికీ కనపడలేదు' అని నిజం రాశాడు. పదో ప్రశ్న: మీ మాట సభికులకు వినిపించిందా? 'ముప్పై ఒక్క ఏండ్లలో ఒక్కసారి కూడా వినిపించలేదు.' పదకొండు: మీరు లేని లోటును ఎవరైనా గుర్తించారా? దీనికి మరీ మొహమాటపడి, 'నేను ఉన్నట్టే ఎవరూ గుర్తించలేదు' అని రాసి, ఎక్కువైందేమోనని కొట్టేయబోయి, ఉండనిచ్చాడు.

ఇంటికి వెళ్లి భార్య విమలమ్మతో ఆ మాటే చెప్పాడు. "ఇయ్యాల జర గొప్పలు రాసుకున్న విమలా."

"ముప్పై ఏండ్లకు ఒకపారి రాసుకుంటే ఏమైతది," అని ఆమె అన్నం పెట్టింది.

ఫలితాలను రిసార్టు గేటుకు అంటించారు. మొదటి స్థానం రాక్షసుడు రామన్నది ('సకాలంలో పూర్తి చేయడంలో ఆదర్శప్రాయుడు'). రెండోది ధనరాజ్‌ది. తొమ్మిదోది యోసేపుది. వరుసగా రెండు మదింపుల్లో కిందికి వచ్చినవారికి గేటు పాసు ఉండదనీ, రెండో మదింపు నెల రోజుల్లో ఉంటుందనీ కింద చిన్న అక్షరాల్లో ఉంది. యోసేపు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన రెండుసార్లు చదివినదేదీ ఆ తర్వాత మరిచిపోలేడు. అందులో ఉన్న కష్టం ఏమిటో ఆ రోజే ఆయనకు తెలిసింది.

అరుణశ్రీ ఆయన్ని భోజనాల షెడ్డులో కూర్చోబెట్టి వివరించింది. "యోసేపు గారు, ఎవ్వరికి కనపడలేదని మీరే రాసిన్రు కద."

"రాసిన మేడం. నిజమే రాసిన."

"అది తక్కువ కద మరి."

"తక్కువెట్లయితది మేడం? తెర పట్టెటోడు కనపడ్డడంటే ఆట ఖరాబైనట్టే లెక్క."

ఆమెకు ఆ మాట అర్థమైంది. అందుకే లాప్‌టాప్ ఆయనవైపు తిప్పి చూపించింది. "గిది రాయనీకె దీంట్ల జాగా లేదు. ఒకటి నుంచి ఐదు దాక నంబరేసే డబ్బనే ఉన్నది. జర మీరే సర్దుకోవాలె."

సర్దుకోవడానికి కంపెనీ ఒక 'మెరుగుదల ప్రణాళిక' ఇచ్చింది. దాని ప్రకారం యోసేపు ప్రతి ఆటలో కనీసం మూడుసార్లు తెర ముందుకు రావాలి. వచ్చినప్పుడల్లా పది సెకన్లకు తగ్గకుండా నిలబడాలి. కనీసం ఐదుగురు ఉద్యోగుల కళ్లలోకి చూడాలి. నవ్వాలి. నవ్వు సహజంగా ఉందో లేదో పరిశీలించడానికి ఒక పరిశీలకుణ్ని నియమించారు. అతను ముందు కుర్చీలో ప్యాడ్ పట్టుకుని కూర్చునేవాడు.

యోసేపు చెప్పినట్టు చేయాలనే నిర్ణయించుకున్నాడు. మేళాన్ని ఇబ్బంది పెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ తర్వాతి మూలాల దినాన, ధవళకేతు మహారాజు రాజ్యం వదిలి అడవికి పోయే ఘట్టం. రాజు కన్నీళ్లతో సింహాసనం దిగాడు. ఆ సమయానికి తెర పక్కనుంచి యోసేపు బయటికి వచ్చి, సభ మధ్యలో నిలబడి, ఐదుగురిని ఎంచుకుని వరసగా చూసి, మనసులో పదిదాకా లెక్కపెట్టి, నవ్వి, వెనక్కి వెళ్లాడు. ముందు వరసలో ఒక ప్రాజెక్టు మేనేజరు మర్యాదకు తానూ నవ్వాడు.

ఆ పది సెకన్లలో రాజుకు మాట అందించేవాడు లేడు. ధనరాజ్ ఒక చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. బిక్షం 'రాజ్యమేలిన దొరకు రాతిపానుపు గతియె' అన్న ఒక్క చరణాన్నే తిప్పి తిప్పి నాలుగుసార్లు వాయించాడు. ఉద్యోగులు దాన్ని పల్లవి అనుకుని చప్పట్లు కలిపారు.

ఆట అయ్యాక ధనరాజ్ కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. "నువ్వు ముంగటికి పోయినంక నా నోట్ల ఒక్క అక్షరం లేదన్న."

"ఇగ దాచేదేంది," అన్నాడు బిక్షం. "మేడంకు చెప్దాం. ఆటంత నడిపించేది నువ్వే అని చెప్తే, తొమ్మిదోడివి ఒకటోడివైతవ్."

"నేను ఒకటైతే తొమ్మిది ఎవలన్నా?" అన్నాడు యోసేపు.

ధనరాజ్ కిరీటానికి అంటించిన అద్దంబిళ్లలు గోటితో గీకుతూ కూర్చున్నాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. యోసేపు తెరను నాలుగు మడతలు పెట్టి బిక్షం చేతికిచ్చాడు.

నెల తిరిగేసరికి రెండో మదింపు వచ్చింది. తెర ముందుకు రావడంలో యోసేపు లక్ష్యాన్ని నూటికి నూరు శాతం చేరుకున్నాడు. కానీ ఆరు నవ్వుల్లో నాలుగు 'సహజంగా లేవు' అని పరిశీలకుడు రాశాడు (మిగతా రెండింటి గురించి అతను చెప్పదలచుకోలేదు). గేటు పాసు రద్దయింది. యోసేపు బదులు హైదరాబాద్ నుంచి మోటారు తెర ఒకటి తెప్పించారు. మీట నొక్కితే అది మూడు సెకన్లలో లేచి మూడు సెకన్లలో దిగుతుంది. మాటలు అందించే మీట దానికి లేదు. అందువల్ల బిక్షం రాజు మాటలన్నీ కోసేసి మూడే మిగిల్చాడు. రాజు ఇప్పుడు ముప్పావు గంటలో ముప్పై తొమ్మిది నిమిషాలు ఊరికే నిలబడతాడు. ఉద్యోగుల అభిప్రాయ పత్రాల్లో అతనికి 'గంభీరమైన నటన' అని మార్కులు పెరిగాయి.

యోసేపుకు బాధ లేదనుకోకూడదు. చాలా బాధ కలిగింది. శనివారం మధ్యాహ్నం చేవెళ్ల రోడ్డు మీద కంపెనీ బస్సుల హారన్లు వినపడితే ఆయన లేచి నిలబడేవాడు, ఎక్కడికి పోవాలో తోచక మళ్లీ కూర్చునేవాడు. ఒకరోజు విమలమ్మ తడి దుప్పటి ఆరేయడానికి ఒక కొస అందుకోమంది. ఆయన అందుకుని, గడ్డం ఎత్తుదాకా లేపి, బిగించి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తన కొసను తీగ మీద వేసి వచ్చినా ఆయన కదలలేదు.

"ఇగ ఇడువయ్యా," అంది విమలమ్మ మెల్లగా. "అవుతల ఎవ్వలు లేరు."

డిసెంబరులో కంపెనీ వార్షికోత్సవం. ఉపాధ్యక్షుడు జితేందర్ స్వయంగా వచ్చి మూలాల మీద ప్రసంగిస్తాడు. తర్వాత బాగోతం. అంత పెద్ద సభకు మేళం పాత తెర లేకుండా గజ్జె కట్టనని బిక్షం భీష్మించాడు. మోటారు తెర మోటారుదే, మేళం తెర మేళందే అన్నాడు. తెరను అనుమతించారు. బిక్షం వెళ్లి తెరతోపాటు యోసేపును కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

గేటు దగ్గర కాపలా అబ్రహాము. ఆదివారం చర్చిలో యోసేపు పక్కనే కూర్చుంటాడు. "మనుషుల పట్టీల నీ పేరు లేదు యోసేపన్నా. నిన్ను లోపలికి ఇడిస్తే నా నౌకరి పోతది," అన్నాడు తల వంచుకుని.

"నువ్వు పో బిక్షమన్నా. ఆటకు ఆల్శమైతది," అన్నాడు యోసేపు.

"నిన్ను ఇడిసిపెట్టి నేను పోను," అన్నాడు బిక్షం. తర్వాత అబ్రహాము వైపు తిరిగాడు. "సామాన్ల పట్టీ ఉన్నదా?"

"సామాన్లకు ఎప్పుడైనా ఉంటది."

"రాసుకో. హార్మోనియం ఒకటి. మద్దెల ఒకటి. కిరీటాలు రెండు. తెర ఒకటి. తెర మనిషి ఒకటి."

అబ్రహాము రాశాడు. సామాన్ల పట్టీలో ఇంకో రెండు గళ్లున్నాయి. "బరువు?"

"యాభై రెండు కిలోలు," అన్నాడు యోసేపు.

"పగిలే సామానా?"

బిక్షం యోసేపును ఒకసారి చూశాడు. "జర పైలంగ దించాలె అని రాయి," అన్నాడు.

ఆ విధంగా యోసేపు 'పల్లె పరవశం'లోకి మళ్లీ ప్రవేశించి, సామాన్లు పెట్టే మూలలో, మద్దెలకూ నీళ్ల డబ్బాకూ మధ్య కూర్చున్నాడు. ఎదురుగా జితేందర్ ప్రసంగం సాధన చేస్తున్నాడు. మూలాల గురించి కాబట్టి ప్రసంగం తెలుగులో ఉండాలని కంపెనీ నిర్ణయించింది. జితేందర్‌కు తెలుగు చదవడం మరుపుకొచ్చింది కాబట్టి దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనక పెద్ద స్క్రీను మీద వచ్చేలా ఏర్పాటు చేశారు. రాసింది అరుణశ్రీ. ఆయన దాన్ని నాలుగుసార్లు చదివాడు. యోసేపుకు రెండుసార్లు వింటే చాలు.

సాయంత్రం అయిదింటికి సభ మొదలైంది. జితేందర్ నమస్కారాలన్నీ పూర్తిచేసి, "మన బైట్‌వృక్ష కుటుంబంలో..." అన్నాడు. కరెంటు పోయింది. (కరెంటు ఏ కంపెనీ నియమావళికీ లోబడదు.) స్క్రీను ఆరిపోయింది, మైకు ఆగిపోయింది, మోటారు తెర సగం లేచి సగంలో నిలిచిపోయింది. జనరేటరు కుర్రాడు డీజిలు కోసం మొయినాబాద్ పోయి ఉన్నాడు.

మోటారు తెర ఆగిపోవడంతో బిక్షం యోసేపుకు సైగ చేశాడు. యోసేపు, రామన్న చెరో కొసా పట్టుకుని పాత తెరను జితేందర్ వెనక ఎత్తారు. ముందర ఆరువందల మంది ఉద్యోగులు. జితేందర్ నోరు తెరిచి ఉంది, చెయ్యి గాల్లో ఉంది. ఆ భంగిమ యోసేపుకు ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు.

"...కనపడేవాళ్లు కొందరే," అని అందించాడు యోసేపు.

"కనపడేవాళ్లు కొందరే," అన్నాడు జితేందర్.

"కనపడకుండ పని చేసే చేతులు ఎన్నో."

"కనపడకుండా పని చేసే చేతులు ఎన్నో!"

"ఆ చేతులను ఈ సంస్థ ఏనాడు ఇడువదు."

జితేందర్ అది కూడా అన్నాడు. యోసేపు అందించే తీరుకు ఒక లయ ఉంటుంది, దాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. ప్రసంగం రెండో సగానికి వచ్చేసరికి ఉపాధ్యక్షుడు వాక్యాల చివర రాగం తీస్తూ, అడుగు వేసి తిరుగుతూ, మధ్యలో ఒకసారి తొడ చరిచాడు. ఆరువందల మంది లేచి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు కన్నీళ్లు తుడుచుకున్నారు. మైకు లేకుండా, కాగితం లేకుండా, గుండెలోంచి మాట్లాడాడని అందరూ చెప్పుకున్నారు. అభిప్రాయ పత్రాల్లో ప్రసంగానికి అయిదుకు నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చింది. కంపెనీ చరిత్రలో అంత మార్కు ఇంతవరకు ఎవరికీ రాలేదు.

జితేందర్ నిజాయితీ ఉన్న మనిషి. తెర వెనక ఎవరో ఉన్నారని అరుణశ్రీకి ఒక్కదానికే చెప్పి, అలాంటి మనిషి ఏప్రిల్ సభకు కూడా ఉంటే బాగుంటుందన్నాడు. ఆమె విచారించింది. బిక్షం ఈసారి దాచలేదు. రాజు సంగతి మాత్రం చెప్పలేదు.

ఇక్కడ వ్యవస్థ తన సత్తా చూపించింది. మదింపులో తొలగిన మనిషిని పద్దెనిమిది నెలలదాకా మళ్లీ తీసుకోకూడదు. ఆ నియమానికి సడలింపు లేదు. కానీ అబ్రహాము ఆ రోజు డ్యూటీ దిగిపోయే తొందరలో సామాన్ల పట్టీలో 'బయటికి' అన్న గడి నింపలేదు. రికార్డుల ప్రకారం తెర ఒకటి, తెర మనిషి ఒకటి ఇంకా రిసార్టు లోపలే ఉన్నాయి. లోపల ఉన్న వస్తువును గుర్తించి, చిట్టీ అంటించి, జాబితాలో ఎక్కించడం తప్పనిసరి. అరుణశ్రీ రెండు రోజులు నియమావళి తిరగేసి, స్వయంగా వచ్చి యోసేపు చొక్కా జేబు మీద 'మూలాలు/సా/417' అన్న చిట్టీ అంటించింది. కొసలు లేవకుండా బొటనవేలితో రెండుసార్లు అదిమింది.

వస్తువులకు మదింపు ఉండదు. ఏడాదికి ఒకసారి ఒకతను వచ్చి, ఉందా లేదా చూసి, దుమ్ము దులిపి, స్థితి రాసి వెళతాడు. మార్చిలో అతను వచ్చాడు. యోసేపు చిట్టీ చూశాడు, తెర ఎత్తమన్నాడు, దించమన్నాడు, భుజం మీద దుమ్ము దులిపాడు. స్థితి గడిలో 'బాగుంది, పనిచేస్తోంది' అని రాసి, నకలు యోసేపుకు ఇచ్చాడు.

యోసేపు దాన్ని ఇంటికి తీసుకెళ్లి విమలమ్మకు చదివి వినిపించాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన బాగా పనిచేస్తున్నాడని కాగితం మీద పడడం అదే మొదటిసారి. ఆమె రెండోసారి చదవమంది.

తెర వెనకకు యోసేపు తిరిగి రాగానే ధనరాజ్‌కు మాటలన్నీ తిరిగి వచ్చాయి, వెంటనే మార్కులు తగ్గాయి ('గాంభీర్యం లోపించింది'). కొత్త ఏడు నుంచి మదింపు ప్రతి ఆటకూ జరుగుతోంది, ఒక్కసారి కిందికి వస్తేనే పాసు పోతుంది. మనుషుల పట్టికలో ఎనిమిది మందే ఉన్నా గంటకు కింది కొస ఒకటి కావాలి కాబట్టి ఈసారి ధనరాజ్ కిందికి వచ్చాడు. బిక్షం అతన్ని మరుసటి శనివారం కిరీటంతోపాటు సామాన్ల పట్టీలో రాయించి లోపలికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మద్దెల అతను మద్దెలతో వచ్చాడు. అందరికన్నా మంచి మార్కులున్న రామన్న కూడా, ఒక శనివారం నాలుగు నిమిషాలు ఆలస్యంగా చచ్చిపోవడంతో, గదతోపాటు వచ్చాడు. వానాకాలం మొదలయ్యేసరికి మేళంలో బిక్షం ఒక్కడే మనిషిగా మిగిలాడు. పట్టికలో మొదటి స్థానమూ చివరి స్థానమూ ఆయనవే.

జూలైలో ఒక శనివారం ఆట అయిపోయాక, యోసేపు తెర మడత పెడుతుండగా అరుణశ్రీ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో లాప్‌టాప్ లేదు.

"యోసేపన్నా," అంది. అలా పిలవడం అదే మొదటిసారి. "మా టీంల ఇయ్యేడు కింద నేనొచ్చిన. గంటల ఎవరో ఒకరు రావాలె కద."

యోసేపు మడత పెట్టడం ఆపాడు. "అయ్యో. ఎందుకు బిడ్డా?"

"మూలాలు కనపడ్తలేవన్నరు." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వుకు పరిశీలకుడు ఎన్ని మార్కులు వేస్తాడో యోసేపుకు తెలుసు. "మీ చిట్టీ... సామాన్లల్ల రాయించుకునుడు... ఎట్ల చేసిన్రో జర చెప్తరా?"

"నేను చేసింది ఏం లేదు బిడ్డా," అన్నాడు యోసేపు. "ఆనాడు గేటు కాడ బిక్షమన్న నన్ను ఇడిసిపెట్టి లోపలికి పోనన్నడు. గంతే. మీ ఆఫీసుల నీకు గట్ల ఎవరున్నరు?"

అరుణశ్రీ, అలవాటు కొద్దీ, సంచిలోంచి ఒక ఖాళీ పత్రం తీసి, ఆయన అడిగిన ప్రశ్నను దాని మీద రాసి, ఎదురుగా 'వర్తించదు' అని రాసుకుంది.